రైతులే జడ్జీలైన లోయ: చుబుట్‌లో తొమ్మిది రోజులు

ఇరవై రెండేళ్లుగా కృష్ణా డెల్టాలో కింది కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గట్టు తగాదాలు, పంపకం దావాలు, బోదె నీటి గొడవలు. నేను కొత్తగా నల్లకోటు వేసుకున్న ఏడాది ఒక పెద్దాయన బోనులో నిలబడి తెలుగులో సాక్ష్యం చెప్పాడు, అది ఇంగ్లీషులో టైపై ఆయన ముందుకొచ్చింది, సంతకం పెట్టేముందు నా వైపు తిరిగి "అమ్మా, ఇందులో నేను చెప్పిందే ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే, ఎక్కడో ఆర్జెంటీనా అడుగున, పటగోనియాలో, వేల్స్ నుంచి వలస వెళ్లిన బీదవాళ్లు 1865లోనే తమ భాషలో కోర్టు పెట్టుకున్నారని చదివినప్పటి నుంచి అక్కడికి వెళ్లాలని పట్టుదల. పిల్ల ఉద్యోగంలో చేరాక, పోయిన అక్టోబరులో నేనూ మావారూ బయల్దేరాం.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. రెండు విమానాలు మారి బ్యూనస్ ఎయిర్స్, అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు ఎగిరితే ట్రెలెవ్. మా పెట్టె ఒకటి రాలేదు, రెండు రోజులు ఒకే స్వెటర్‌తో తిరిగాను, అక్కడి గాలికి అది చాల్లేదు.

మొదట వెళ్లింది ప్వెర్తో మాద్రిన్‌కి. ఊరి చివర సముద్రం ఒడ్డున తెల్లటి మెత్తరాయి గట్టు ఉంది, అందులో తొలిచిన చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. 1865 జులై 28న మిమోసా అనే ఓడలో దిగిన దాదాపు నూట యాభై మందికి మొదటి నీడ ఇక్కడే. జులై అంటే అక్కడ నడి చలికాలం. పాలకూ వెన్నకూ పెట్టింది పేరైన పచ్చటి దేశం నుంచి వస్తే ఎదురుగా కనిపించింది ముళ్లపొదలు, ఉప్పునీళ్లు. మంచినీళ్లున్న చుబుట్ నదికి చేరాలంటే అరవై కిలోమీటర్ల పైమాటే నడక. నేను ఆ గుంటలో ఒకదాని ముందు కాసేపు కూర్చున్నాను. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు మరి, ఎంత విసిగిపోతే ఇంత దూరం వస్తారు?

విసిగిపోవడానికి కారణాలున్నాయి. 1536 చట్టంతో వేల్స్ కోర్టుల్లో ఇంగ్లీషే నడవాలన్నారు, వాళ్ల సొంత భాష వెల్ష్ మాట్లాడేవాడికి సర్కారు పదవి లేదన్నారు. తన కేసు ఏమైందో ముద్దాయికి అర్థమయ్యేది కాదు. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెళ్లో కర్రముక్క వేలాడదీసేవారు. జమీందారు చెప్పినవాడికి ఓటెయ్యకపోతే కౌలు భూమి ఊడబెరికేవారు, ఎందుకంటే అప్పట్లో ఓటు బహిరంగంగా వెయ్యాలి. బాలా పట్టణంలో ఉండే మైకేల్ డి. జోన్స్ అనే మతబోధకుడు, అమెరికాకు వెళ్లినవాళ్లు ఇంగ్లీషులో కలిసిపోతున్నారు కాబట్టి ఎవరూ లేని చోటికి వెళ్దాం అన్నాడు. ఎవరూ లేని చోటు అన్న మాట దగ్గరే నాకు కాలు ఆగుతుంది, దాని గురించి తర్వాత చెబుతాను.

వాళ్లు వచ్చాక కట్టుకున్న పాలన చూస్తే వకీలుగా నాకు ఒళ్లు జలదరించింది. పన్నెండు మందితో ఒక మండలి, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఓటు, అదీ రహస్య బ్యాలెట్. బ్రిటన్‌లో రహస్య బ్యాలెట్ వచ్చింది 1872లో. ఆర్జెంటీనాలో ఆడవాళ్లకు దేశమంతటా ఓటు వచ్చింది 1947లో! చిన్న తగాదాలకు రాజీ కుదిర్చే కోర్టు ఒకటి, ముదిరిన వాటికి జ్యూరీ కోర్టు ఒకటి. జడ్జీ, జ్యూరీలో కూర్చున్నవాళ్లు, ఫిర్యాదీ, సాక్షి అందరూ పొద్దున పొలం చేసి వచ్చినవాళ్లే, అందరిదీ ఒకే భాష. మన లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాక రెండు పక్షాల మొహాల్లో కనిపించే ఆ తేలికదనం అక్కడ ఎన్నిసార్లు కనిపించి ఉంటుందో అనుకున్నాను.

ఈ వ్యవస్థకి గుమాస్తా, రిజిస్ట్రారు, బడిపంతులు, పోస్టుమాస్టరు అన్నీ అయిన మనిషి రిచర్డ్ జోన్స్ బెర్విన్. అతనూ మిమోసాలో వచ్చినవాడే. ఊరిపేరు మన ఇంటిపేరైనట్టు, ఉత్తర వేల్స్ కొండల పేరు తన పేరులో పెట్టుకున్నాడు. పిల్లలు వెల్ష్ చదువుకోవడానికి 1878లో వాచకం కూడా రాశాడు. కోర్టులో పనిచేసేవాళ్లకు తెలుసు, రికార్డు సరిగా రాసే మనిషి ఒక్కడుంటే సగం తగాదాలు పుట్టవు.

గైమన్ ట్రెలెవ్ నుంచి పదిహేడు కిలోమీటర్లు. దారి పొడవునా పాప్లర్ చెట్ల వరసలు, వాటి పక్కన కాలువలు. కాలువ కనిపించగానే మావారు కారు ఆపించి దిగి నీళ్లలో చెయ్యి పెట్టారు, డెల్టా మనిషి కదా. ఈ కాలువల కథ నాకు చాలా ఇష్టం. మొదటి రెండేళ్లు పంట చేతికి రాలేదు, అందరూ వెళ్లిపోదామనుకున్నారు. 1867 చివర్లో రేచల్ జెన్కిన్స్, నది మట్టం పొలం కన్నా ఎత్తుగా ఉండటం చూసి, గట్టు తెంచి నీళ్లు పెట్టి చూడమని భర్త ఆరన్‌కి చెప్పింది. గోధుమ పండింది. ఆ తర్వాత వందల కిలోమీటర్ల కాలువలు పారలతో తవ్వుకున్నారు. మన కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట కట్టింది సర్కారు, ఇక్కడ తవ్విందీ పంచుకుందీ రైతులే.

అదే ఆరన్ జెన్కిన్స్ 1879లో, పారిపోయి వచ్చిన ఒక ఖైదీని పట్టి తీసుకెళ్తూ అతని చేతిలో చనిపోయాడు. ఊరివాళ్లు ఆ ఖైదీని వెంటాడి కాల్చి చంపారు. జ్యూరీ కోర్టు పెట్టుకున్నవాళ్లే, ఆ రోజు దాని దాకా రానివ్వలేదు. ఇది చదివి బాధపడ్డాను. దాచిపెట్టి రాస్తే మాత్రం వాళ్లకు అన్యాయం చేసినట్టే.

1884 చట్టంతో చుబుట్ కేంద్ర పాలిత ప్రాంతమైంది, మరుసటి ఏడాది మొదటి గవర్నరు వచ్చాడు, పాలన స్పానిష్‌లోకి మారింది. అయినా ఆ చట్టమే, వెయ్యి మంది దాటిన ఊళ్లకు మునిసిపాలిటీనీ హుయెజ్ దె పాస్‌నీ, అంటే ఊరి చిన్న జడ్జీనీ, ఎన్నుకునే హక్కు ఇచ్చింది. మొన్నటిదాకా సొంత చట్టంతో తీర్పు చెప్పుకున్న రైతులు ఇక పరాయి భాష చట్టపుస్తకం నేర్చుకోవాల్సి వచ్చింది. గైమన్‌లో పాత రైల్వే స్టేషనే ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఒక గంట అనుకున్నది మధ్యాహ్నమంతా ఉండిపోయాను.

సాయంత్రం టీ కొట్టుకు వెళ్లాం. కొట్టు అంటే మన కొట్టు కాదు, ఇల్లు. ఊలు తొడుగు వేసిన టీ కుండ, ఆరు రకాల కేకులు, ఎండుపళ్లతో చేసే నల్ల కేకు, వెన్న రాసిన బ్రెడ్డు. వడ్డించిన పెద్దావిడ, మా గైడు స్పానిష్‌లో అడిగితే, బ్రెడ్డును వెల్ష్‌లో 'బారా' అంటారని చెప్పింది, నాచేత మూడుసార్లు పలికించి గానీ వదల్లేదు.

ట్రెలెవ్‌కి ఆ పేరు ఈ వలసకు నాయకుల్లో ఒకడైన లూయిస్ జోన్స్‌దే, వెల్ష్‌లో 'ట్రె' అంటే ఊరు. ఆయన సమాధి 1880లో కట్టిన మొరయా ప్రార్థన మందిరం పక్కన ఉంది. అది చూసుకుని పడమరగా ఆండీస్ వైపు ట్రెవెలిన్‌కి బయల్దేరాం, ఆరువందల కిలోమీటర్ల ఎడారి. ట్రెవెలిన్ దగ్గర 18వ నంబరు బడి ఉంది. 1902 ఏప్రిల్ 30న ఈ లోయ చిలీదా ఆర్జెంటీనాదా అని తేల్చడానికి బ్రిటిష్ రాజు తరఫున వచ్చిన థామస్ హోల్డిచ్ ముందు ఇక్కడి వెల్ష్ వాళ్లు ఆర్జెంటీనా అన్నారు. ఈ హోల్డిచ్ అంతకుముందు మన దేశంలో ఏళ్ల తరబడి సరిహద్దు సర్వేలు చేసిన అధికారి. వాయవ్య సరిహద్దు కొండలు కొలిచిన మనిషి చివరికి ఈ బడి ముందు నిలబడ్డాడు. సరిహద్దు దావాలో సాగు చేసుకుంటున్నవాడినే నేరుగా అడగడం ఎంత అరుదో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఎవరూ లేని చోటు సంగతి. అక్కడ తెవెల్చేలు, అంటే ఆ నేల మూలవాసులు, ఉన్నారు. 1866లో వచ్చి కలిశారు, వేట నేర్పారు, మాంసం ఇచ్చి బ్రెడ్డు తీసుకునేవారు. పదేళ్లు దాటాక ఆర్జెంటీనా సైన్యం వాళ్లనూ చుట్టుపక్కల తెగలనూ వేటాడి శిబిరాల్లో పెట్టింది. 1883లో వెల్ష్ వాళ్లు, వీళ్లను వదిలెయ్యమని సైన్యాధికారికి అర్జీ రాసుకున్నారు. పని జరగలేదు. జాన్ డేనియల్ ఎవాన్స్ అనే ఆయన, మూడేళ్ల పిల్లాడిగా మిమోసాలో వచ్చినవాడు, ట్రెవెలిన్‌లో పిండిమర పెట్టినవాడు, తర్వాత రాసుకున్నాడు: వాల్చేటా శిబిరం ముళ్లకంచె పక్కనుంచి వెళ్తుంటే ఒక మనిషి 'బారా, బారా' అని అరిచాడట. చూస్తే చిన్నప్పుడు తనతో ఆడుకున్న నేస్తం. డబ్బు తెచ్చి విడిపించుకుందామని మళ్లీ వెళ్లేసరికి చనిపోయాడు.

ఈ సంగతి గైడు చెబుతున్నప్పుడు మేం ఎవాన్స్ ఇంటి పెరట్లో నిలబడి ఉన్నాం. 1884 మార్చి 4న ఎడారిలో మూలవాసులు దాడి చేసి ముగ్గురు స్నేహితులను చంపినప్పుడు, ఎవాన్స్‌ను వీపున వేసుకుని గట్టు మీంచి దూకి ప్రాణం కాపాడిన గుర్రం మలకారాకు అక్కడ సమాధి ఉంది. పెద్ద బండరాయి, దాని మీద నా ప్రాణం కాపాడిన నా గుర్రం ఇక్కడ ఉంది అని చెక్కించాడు. తేదీ కూడా వేశాడు. మావారు ఫొటో తీస్తానన్నారు, నేను వద్దన్నాను. కంచె అవతలి ఆ నేస్తానికి రాయి ఎక్కడైనా ఉందా అని గైడును అడిగాను. లేదని తల ఊపాడు. గాలి బాగా పెరిగింది, కారెక్కాం.