థెరెమిన్ కుదురుకున్న రాత్రి
నిన్న రాత్రి బెంగళూరు మారతహళ్లి గదిలో నా థెరెమిన్, అంటే తాకకుండా గాల్లో చేతులాడించి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం, మొదటిసారి కంప్యూటర్‌లోకి పాడింది, ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. ఎస్‌పీ రోడ్డులో కొన్న కేబుల్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్ (వాద్యం శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె) లైన్ ఇన్‌పుట్‌లో పెట్టాను, సిగ్నల్ బాగానే వచ్చింది, కానీ స్వరం ఒక్కచోట నిలవదే! గంటన్నర తర్వాత తట్టింది, ల్యాప్‌టాప్ చార్జర్‌ది రెండు పిన్నుల ప్లగ్, ఎర్త్ ఎక్కడా లేదు.

1920 ప్రాంతంలో లెవ్ థెరెమిన్ చేసిన ఈ వాద్యంలో మన చెయ్యీ యాంటెన్నా కలిసి ఒక కెపాసిటర్, అంటే విద్యుదావేశాన్ని నిలవ చేసే జత, చెయ్యి జరిగితే ఆ నిలవ సామర్థ్యంలో మారేది పికోఫారడ్‌లో (దాని అతి చిన్న కొలత) చిన్న వంతు, దానికి ఎర్త్ ఆధారం కావాలి. ఇంటర్‌ఫేస్ నుంచి మూడు పిన్నుల స్పీకర్‌కు వైరు కలపగానే స్వరం కుదురుకుంది. ల్యాప్‌టాప్‌ను కూడా దూరం జరిపి పిచ్ నాబ్ మళ్లీ సరిచేశాను.

బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టే శబ్దపు ముక్క, 128 శాంపిళ్లకు తగ్గించాను, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర అది మూడు మిల్లీసెకన్ల లోపే. చెవితోనే స్వరస్థానం వెతుక్కునే వాద్యానికి ఆలస్యం అస్సలు పనికిరాదు. రివర్బ్, అంటే హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని, హెడ్‌ఫోన్‌లో మాత్రమే, రికార్డింగ్ మాత్రం అది లేకుండా పొడిగా.

మోహన రాగంలో గాంధారం మీద చూపుడువేలు కొద్దిగా ఊపితే గమకం పలికింది. క్లిప్ అమ్మకు పంపితే "ఎవర్రా ఆ పాడేది?" అని అడిగింది.