ఉత్తర ఐర్లండ్ పాలు ఏ దేశానివి?

బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ నుంచి బ్రిటన్ తప్పుకోవడం) అనగానే లండన్, బ్రసెల్స్ గుర్తొస్తాయి. దాని బరువు ఎక్కువగా పడింది మాత్రం బెల్‌ఫాస్ట్, లార్న్ అనే ఉత్తర ఐర్లండ్ రేవుల మీద. ఐర్లండ్ ద్వీపంలో ఉత్తరం బ్రిటన్‌లో భాగం, దక్షిణం ఈయూలో ఉన్న ఐర్లండ్ దేశం. వాటి మధ్య ఉన్న 500 కిలోమీటర్ల భూ సరిహద్దులో మళ్లీ చెక్‌పోస్టులు పెడితే అక్కడి హింసకు ముగింపు పలికిన 1998 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందానికే ముప్పు. అందుకని ఉత్తర ఐర్లండ్‌ను సరుకుల వరకు ఈయూ నిబంధనల కిందే ఉంచి, మిగతా బ్రిటన్ నుంచి వచ్చే సరుకు తనిఖీలను ఐరిష్ సముద్రం మీదికి, అంటే రేవులకు జరిపారు. 2021 జనవరిలో ఈ ఏర్పాటు అమల్లోకి వచ్చిన వెంటనే స్కాట్లండ్ విత్తన బంగాళాదుంపల రాక ఆగిపోయింది.

2023 ఫిబ్రవరిలో బ్రిటన్, ఈయూల మధ్య కుదిరిన విండ్సర్ ఒప్పందం దీన్ని కొంత సర్దింది. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడుపోయే సరుకుకు తనిఖీలు తక్కువుండే గ్రీన్ లేన్, దక్షిణానికి పోయే అవకాశం ఉన్నదానికి పూర్తి తనిఖీల రెడ్ లేన్. గ్రీన్ లేన్ కావాలంటే వ్యాపారి ముందుగా యూకే ఇంటర్నల్ మార్కెట్ స్కీమ్‌లో నమోదై, సరుకు చివరికి ఎక్కడ అమ్ముడైందో రికార్డులు ఉంచాలి. మాంసం, పాల ప్యాకెట్ల మీద ‘నాట్ ఫర్ ఈయూ’ ముద్ర ఉండాలి. ముడిసరుకుగా తెచ్చి తయారీకి వాడేవాళ్లకు గ్రీన్ లేన్ దక్కాలంటే ఏడాది టర్నోవర్ 20 లక్షల పౌండ్లు దాటకూడదు, ఆహార తయారీ లాంటి కొన్ని రంగాలకు మినహాయింపు ఉంది. ఇది మన రొయ్యల ఎగుమతిదారులూ గమనించాల్సిన విషయమే. 2025 జూలైలో సంతకాలైన భారత్–బ్రిటన్ ఒప్పందంలో రొయ్యలపై సుంకం ఎత్తేసే హామీ ఉంది గానీ, బెల్‌ఫాస్ట్‌లో దిగిన సరుకు ఈయూకి పోదని రుజువు చూపలేకపోతే ఈయూ సుంకమే వర్తిస్తుంది.

రాజకీయంగా పడిన దెబ్బ ఇంకా పెద్దది. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోనే ఉండాలనే యూనియనిస్టుల పార్టీ డీయూపీ, ఈ తనిఖీలకు నిరసనగా ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. రెండేళ్లపాటు అక్కడి అసెంబ్లీ ఉండే స్టోర్‌మాంట్‌లో పూర్తిస్థాయి మంత్రివర్గమే లేదు. 2024 డిసెంబరులో ఈ ఏర్పాటు కొనసాగింపుపై ఆ అసెంబ్లీలో ఓటింగ్ జరిగితే 48–36తో నెగ్గింది. అయితే యూనియనిస్టుల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటేయలేదు. యూనియనిస్టులు, ఐర్లండ్‌తో కలవాలనే నేషనలిస్టులు ఇద్దరి మద్దతూ ఉంటే 8 ఏళ్ల గడువు దక్కేది. అది లేక 4 ఏళ్లకే మళ్లీ ఓటు. పెట్టుబడి పెట్టేవాడికి 4 ఏళ్లు చాలవు.

అందరి కళ్లూ రేవుల మీదే ఉన్నాయి గానీ, నన్ను ఎక్కువ కలవరపెట్టేది పాల సంగతి. ఉత్తరంలో పితికే పాలలో సుమారు మూడో వంతు దక్షిణాన ఉన్న డెయిరీలకు పోతుంది. ట్యాంకర్లను సరిహద్దులో ఎవరూ ఆపరు. ఇబ్బంది అంతా ఎగుమతి దగ్గరే. ఈయూకి ఇతర దేశాలతో ఉన్న చాలా వాణిజ్య ఒప్పందాల్లో సుంకం రాయితీ రావాలంటే పాలు పూర్తిగా ఈయూవే అయి ఉండాలి. ఉత్తర ఐర్లండ్ ఈయూ నిబంధనలు పాటిస్తుంది గానీ ఈయూలో భాగం కాదు. కాబట్టి అక్కడి పాలు కలిసిన వెన్న, చీజ్ ఆ రాయితీకి పనికిరావు. రాయితీ కావాలనుకునే డెయిరీ ఆ పాలకు విడి ట్యాంకు, విడి లెక్క పెట్టుకోవాల్సిందే.

2025 మేలో బ్రిటన్, ఈయూ కుదుర్చుకుందామనుకున్న ఆహార, పశు ఆరోగ్య ఒప్పందం అమల్లోకి వస్తే రేవుల్లో సర్టిఫికెట్ల పని తగ్గుతుంది. పాల చిక్కు మాత్రం దానితో తీరదు. ఈయూ తన ఒక్కో ఒప్పందంలోనూ ఉత్తర ఐర్లండ్ పాలను తన పాలుగానే లెక్కించే నిబంధనను చేర్చుకోవాలి. దానికి అవతలి దేశం కూడా ఒప్పుకోవాలి.