నమ్ హా అడవి నడక, ఖ్ము గ్రామంలో రాత్రి బస: నా అనుభవం

ఉత్తర లావోస్‌లోని లువాంగ్ నమ్‌థా పట్టణపు ప్రధాన వీధిలో అడవి నడకలు ఏర్పాటు చేసే కార్యాలయాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి ముందు నిలబెట్టిన తెల్లబోర్డుల మీద ఏ తేదీన ఏ దారిన నడక బయలుదేరుతుంది, ఇప్పటికి ఎందరు పేర్లు ఇచ్చారు, మనుషుల సంఖ్యను బట్టి తలకు ఎంత పడుతుంది అనే వివరాలు రాసి ఉంటాయి. గైడు కూలి, వాహనం ఖర్చు ఇద్దరు వెళ్ళినా ఆరుగురు వెళ్ళినా ఇంచుమించు ఒకటే కనుక జట్టు పెరిగేకొద్దీ తలసరి రుసుము బాగా తగ్గుతుంది. ఒంటరిగానో జంటగానో వచ్చినవారు అవసరమైతే ఒక రోజు ఆగి, అప్పటికే పేర్లున్న బోర్డులో తమ పేరు కలుపుకోవడం అక్కడ మామూలే. నేనూ మా ఆవిడా అదే పని చేసి, ఒక ఫ్రెంచి జంట, ఒక కొరియా యువకుడు అంతకుముందే ఖాయం చేసుకున్న ఒక రాత్రి నడకలో చేరాం. రుసుము లావోస్ కరెన్సీ అయిన కిప్‌లలో చెబుతారు. డాలరుకు 20,000 కిప్‌లు దాటిన రోజులు కాబట్టి లక్షలు వినబడగానే మొదట గుండె గుభేలుమంటుంది, లెక్క కట్టుకున్నాక స్తిమితపడుతుంది.

అయితే డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసినవి ఆ బోర్డు మీద ఉండవు. నమ్ హాను 1993లో రక్షిత అటవీ ప్రాంతంగా ప్రకటించారు. సుమారు 2,200 చదరపు కిలోమీటర్ల ఈ అడవి ఉత్తరాన చైనా సరిహద్దు దాకా పరుచుకుని ఉంది, దాని లోపలా అంచులలోనూ ఖ్ము, అఖా, లాంటెన్, హ్మోంగ్ తదితర జాతుల గ్రామాలున్నాయి. 1999లో యునెస్కో తోడ్పాటుతో లావోస్ పర్యాటక శాఖ ఇక్కడ ఒక పర్యావరణ పర్యాటక పథకాన్ని మొదలుపెట్టింది, దానికి న్యూజిలాండ్ నుంచి ఆర్థిక సాయం అందింది. అడవిని నరకకుండా, జంతువులను వేటాడకుండా ఉన్నందుకు అక్కడి ప్రజల చేతికి నాలుగు డబ్బులు రావాలన్నదే ఆ ఆలోచనకు మూలం. కనుక ఇక్కడ నడక కొనుక్కోవడమంటే ఆ ఏర్పాటులో ఒక భాగం కొనుక్కోవడమే. మనం కట్టే సొమ్ములో గ్రామానికి చేరేదెంత, అది ఎవరి చేతికి వెళుతుంది అని అడగడం అనుమానపడటం కిందికి రాదు.

నేను ఇదే ప్రశ్న రెండు మూడు చోట్ల అడిగాను. ఒక కార్యాలయంలోని యువకుడు నవ్వి, అంతా కలిపే ఉంటుందని చెప్పి మాట మార్చాడు. మరొక చోట ఒకావిడ కాగితం తీసి, అడవి అనుమతి రుసుము, గ్రామ నిధి, ఇంటి బస, వంట చేసేవారి కూలి, గ్రామం నుంచి వచ్చే దారి చూపేవాడి కూలి, పట్టణం గైడు కూలి, వాహనం, తిండి సామాను అంటూ విడివిడిగా గీతలు గీసి చూపించింది. అతిథుల వంతు ఇంటింటికీ మారుతుందనీ, ఒకే ఇంటికి వరసగా పంపమనీ కూడా చెప్పింది. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే ఎక్కడి నుంచి బండి దారికి దిగవచ్చో పటంలో వేలు పెట్టి చూపించింది. మేము ఆవిడ దగ్గరే డబ్బు కట్టాం. రుసుము మిగతావారి కంటే కొంచెం ఎక్కువే, కానీ ఆ కాగితం విలువ అంతకంటే ఎక్కువని నా అభిప్రాయం. మా ఆవిడ శాకాహారి అన్న సంగతి అక్కడే, ఆ పూటే రాయించాం. ఈ మాట బయలుదేరిన రోజు ఉదయం చెబితే కుదరదు, ఎందుకంటే గైడు తెల్లవారుజామున సంతకు వెళ్ళి రెండు రోజుల కూరగాయలూ తక్కిన సరుకులూ ఒకేసారి కొంటాడు. పైగా పాదేక్ అనే ఊరవేసిన చేపల రసం అక్కడ చాలా వంటల్లో పడుతుంది కాబట్టి, మాంసం వద్దని చెబితే సరిపోదు, చేపల రసం కూడా వద్దని విడిగా చెప్పాలి.

సామాను విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్చుకోవడానికి ఒక జత బట్టలు, నీళ్ళు, తలకు కట్టుకునే దీపం, దోమల మందు, నీళ్ళలో తడిసినా పాదానికి అంటుకుని ఉండే బూట్లు, స్నానానికి మా ఆవిడకు ఒక లుంగీ గుడ్డ, చిన్న నోట్లలో కొంత నగదు ఉంటే చాలు. మలేరియా మందుల విషయం మాత్రం బయలుదేరడానికి చాలా ముందే వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి. మేము వెళ్ళింది నవంబరులో, వానలు వెనకబట్టినా నేల ఇంకా ఆరని రోజుల్లో. అందువల్ల మోకాళ్ళ దాకా వచ్చే గుడ్డ మేజోళ్ళు కొనుక్కున్నాం. జలగలు బూటు మీది నుంచి పాకి, మేజోడు నేతలో దూరే సందు వెతుక్కుంటాయి. సన్నటి నేత ఉన్న మేజోడు అయితే వాటికి ఆ సందు దొరకదు.

వెనక రెండు బల్లలు బిగించిన చిన్న ట్రక్కులో నది దాకా వెళ్ళి, సన్నటి పడవలో అవతలి ఒడ్డుకు దాటాం. దిగిన వెంటనే దట్టమైన అడవి ఎదురవుతుందనుకున్నవారికి అక్కడ కనిపించేది రబ్బరు తోట. 2000 దశకంలో చైనా గిరాకీ వల్ల ఈ జిల్లా అంతటా రబ్బరు నాటడం ఊపందుకుంది. వరసలు వరసలుగా ఒకే వయసు చెట్లు, కింద గడ్డి తప్ప మరేమీ లేని నేల, ప్రతి బోదెకు ఒక చిప్ప. ఆ నిశ్శబ్దంలో అరగంటకు పైగా నడిచాక పోడు కొట్టిన కొండవాలు వచ్చింది, కోత అయిపోయిన మెట్టవరి దుబ్బుల మధ్య ఒక మంచె నిలబడి ఉంది. అక్కడి నుంచి అసలు అడవి మొదలవుతుంది. ఈ వరస చూసిన తరువాత రక్షిత ప్రాంతం అంచు ఎక్కడుందో ఎవరూ బోర్డు పెట్టి చెప్పనక్కరలేదు, గ్రామ నిధి ఎందుకో కూడా వేరే వివరించనక్కరలేదు.

ఖ్ము గ్రామం నుంచి వచ్చిన దారి చూపే ఆయన మమ్మల్ని ఆ మంచె దగ్గర కలుసుకున్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది, కాళ్ళకు రబ్బరు చెప్పులు, నడుముకు చెక్క ఒరలో కత్తి. ఆయనకు ఇంగ్లీషు రాదు, పట్టణం గైడు లావో భాషలో మాట్లాడి మాకు చెప్పేవాడు. ఈ ఇద్దరు మనుషుల ఏర్పాటు మొదట అనవసరపు ఖర్చులా కనిపించవచ్చు. కానీ ఒక వాగు దాటే చోట పాత దుంగ కొట్టుకుపోయి ఉంటే, పట్టణం గైడు ఆగిపోయాడు. గ్రామస్థుడు మాత్రం వాగు వెంట పైకి వెళ్ళి, రెండు వెదుళ్ళు నరికి, పట్టుకోవడానికి మరొకటి అడ్డంగా కట్టి, మేము మంచినీళ్ళు తాగి లేచేలోగా దారి సిద్ధం చేశాడు. ఏ తీగ నరికితే తాగే నీరు కారుతుంది, ఏ ఆకు తగిలితే దద్దురు లేస్తుంది, అడవి యాలకులు ఎక్కడ కాస్తాయి అన్నవన్నీ ఆయన చూపినవే. ఆ యాలకులు, చేదు వెదురు మొలకలు అమ్ముకోవడం ఇక్కడి ఇళ్ళకు నికరమైన రాబడి.

మధ్యాహ్న భోజనం అరటాకుల మీద పెట్టారు. వెదురు బుట్టలోని జిగురన్నాన్ని చేత్తో ముద్ద చేసుకుని, కాల్చిన మిరపకాయలు, వెల్లుల్లి దంచిన జేవ్‌లో అద్దుకు తినాలి. మన రోటి పచ్చడి ఎరిగిన నాలుకకు అది పరాయిగా అనిపించదు. పులుసు వండిన తీరు మాత్రం నేను దగ్గర కూర్చుని చూశాను. దారి చూపే గ్రామస్థుడు, చేయి మందాన ఉన్న పచ్చి వెదురును అడుగున కణుపు ఉండేలా నరికి, ఆ గొట్టంలో వాగు నీరు, తరిగిన అరటిపువ్వు, అప్పుడే కోసిన ఆకులు, ఉప్పు, మిరపకాయలు వేసి, మూతికి ఆకు ఉండ దోపి, మంటకు ఏటవాలుగా ఆనించాడు. బయటి పచ్చదనం నల్లబడి బుసబుసమంటూ నీరు చిమ్మింది గాని గొట్టం కాలిపోలేదు. లోపల నీరున్నంతసేపూ, వెదురులో పచ్చి ఉన్నంతసేపూ అది అంటుకోదు. ఆయన మాట్లాడుతూనే మధ్యమధ్య దాన్ని పావు వంతు చొప్పున తిప్పేవాడు. చేపలు వేరే గొట్టంలో ఉడికించి, మా ఆవిడ గొట్టాన్ని పక్కకు పెట్టి, కలిసిపోకుండా దాని మూతికి అరటి నార కట్టాడు.

మధ్యాహ్నం తరువాత ఎక్కుడు మొదలైంది. బురదలో జారే దారిలో వెదురు కర్ర ఊతం లేకుండా నడవడం కష్టం. జలగ పట్టినప్పుడు గట్టిగా లాగకూడదనీ, నిప్పూ ఉప్పూ పెట్టకూడదనీ, సన్నగా ఉన్న మూతి కొసన చర్మం మీద గోరు జరిపితే పట్టు వదులుతుందనీ గైడు చూపించాడు. జలగ లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కనుక అది వదిలాక కూడా చాలాసేపు నెత్తురు కారుతుంది, కంగారు పడవలసిన పని లేదు. జంతువుల సంగతి దాచకుండా చెప్పాలి: పక్షుల అరుపులు, ఉడతలు, ఏదో గిట్టల జాడ తప్ప మాకేమీ కనబడలేదు. ఒకప్పటి వేట వల్ల మిగిలినవి మనిషి అలికిడికే దూరం తొలగుతాయట. పులులనూ ఏనుగులనూ చూడాలన్న కోరికతో వచ్చేవారు ఈ నడకకు రాకపోవడమే మేలు.

గ్రామం కనబడగానే గైడు మమ్మల్ని ఆపి ముందు తానొక్కడే వెళ్ళాడు. ఊరి మొగలో వెదురు బద్దలతో నక్షత్రంలా అల్లిన తలియో అనే గుర్తు కట్టి ఉంటే, లోపల పూజో మరేదో జరుగుతున్నట్టు, బయటివారు అడుగు పెట్టరాదు. అలాంటప్పుడు బస వేరే ఊరికి మారుతుంది, దానికి ఎవరూ నొచ్చుకోకూడదు. ఆ రోజు దారి తెరిచే ఉంది. లోపల పాటించవలసినవి ఆయన మెట్టు ఎక్కే ముందే చెప్పాడు: చెప్పులు కింద విడవాలి, పొయ్యిని దాటి అడుగు వేయకూడదు, ఇంటి దేవతల చోటును తాకకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు, పిల్లలకు మిఠాయిలూ డబ్బూ పంచకూడదు. ఇవ్వాలనిపిస్తే బడికో గ్రామ నిధికో ఇవ్వమన్నాడు. మనవారికి వీటిలో చాలా వరకు కొత్త కాదు. మిఠాయిల విషయంలోనే మన ఉదార బుద్ధిని కొంచెం అదుపులో పెట్టుకోవాలి.

ఇల్లు స్తంభాల మీద లేపి కట్టినది, నేల వెదురు తడక, పక్కగా అతిథులకు పరుపులూ దోమతెరలూ వేసిన గది. స్నానం వాగులో, ఆడవారు గుడ్డ కట్టుకునే దిగుతారు. మరుగుదొడ్డి నేలబారుది, పక్కన తొట్టి, చెంబు. మాతో వచ్చిన విదేశీయులు దాని గురించి గుసగుసలాడుకుంటుంటే, మాకు మాత్రం మొత్తం ప్రయాణంలో అంత సొంతింటి సదుపాయం మరెక్కడా దొరకలేదనిపించింది.

రాత్రి భోజనాల తరువాత బియ్యపు సారా సీసా వచ్చింది. వద్దనుకుంటే మొదటి గిన్నె అందుకుని పెదవికి తాకించి తిరిగి ఇస్తే మర్యాద దక్కుతుందని గైడు ముందే చెప్పాడు, మా ఆవిడ అలాగే చేసింది. ప్రశ్నలన్నీ వారే అడిగారు: పిల్లలెందరు, మీ ఊళ్ళో పోడు ఉందా, వరి ఎన్ని నెలలకు కోతకు వస్తుంది, అన్నం జిగురు లేకుండా ఎలా తింటారు. ఖ్ము భాష ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానిది. గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యాకరణం రాసిన మన ఉత్తరాంధ్ర మన్యపు సవర భాష కూడా ఆ కుటుంబంలోదే. ఆ సంగతి గైడు ద్వారా చెప్పించగానే ఇంటాయన, సవరలు కూడా కొండల మీదే ఉంటారా అని అడిగి, ఉంటారని విని, తనకు ముందే తెలిసిన విషయం రూఢి అయినట్టు తల ఊపాడు.

నిద్ర సంగతి మరీ గొప్పగా చెప్పలేను. కొండ మీద రాత్రి చలి ఊహించినదాని కంటే ఎక్కువ, కోళ్ళు తెల్లవారడానికి చాలా ముందే మొదలుపెడతాయి, వెదురు నేల మీద ఎవరు పొర్లినా ఇల్లంతా తెలుస్తుంది. పలచటి దుప్పటి ఒకటి వెంట ఉండి ఉంటే బాగుండేదని ఫ్రెంచి ఆవిడ రెండుసార్లు అంది.

ఉదయం బయలుదేరే ముందు గైడు గ్రామ పెద్ద ఇంట్లో కూర్చుని చెల్లింపులు చేశాడు. ఒక గీతల పుస్తకంలో తేదీ, మనుషుల సంఖ్య, బసకు, వంటకు, దారి చూపినందుకు, గ్రామ నిధికి విడివిడిగా అంకెలు రాసి, ఇంటావిడ చేతికి ఆమె వాటా ఎంచి ఇచ్చి, వేలిముద్ర తీసుకున్నాడు. నేను అనుమతి అడిగి పక్కన కూర్చుని, పట్టణంలో ఆవిడ గీసిన కాగితం జేబులోంచి తీసి పోల్చి చూశాను. నాలుగు అంకెలూ సరిపోయాయి. గ్రామ నిధితో కిందటి ఏడు వాగు నుంచి బడి దాకా నీటి గొట్టం వేశారని పెద్దాయన చెప్పి, ఆ కుళాయి దగ్గరే మమ్మల్ని సీసాలు నింపుకోమన్నాడు.

తిరుగు దారి దిగుడు కాబట్టి మోకాళ్ళ మీద భారం పడుతుంది, కానీ పొద్దు వాలక ముందే బండి దారికి చేరాం. వెళ్ళదలచినవారు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోగా ఎంచుకుంటే మంచిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పోడు తగలబెట్టే పొగ కొండలను కమ్మేస్తుంది, మే నుంచి అక్టోబరు దాకా వానలు. బోర్డు మీద పేరు రాయించే ముందు ఆ ఖర్చుల కాగితం అడిగి తీసుకుని, గ్రామంలో లెక్క చూసేదాకా దాన్ని పారేయకుండా ఉంచుకోవాలి.