చిత్తకార్తె పిల్లలు, ఫోన్ల పద్దు

డిసెంబరు మూడో వారం

పొదలకూరు రోడ్డు పక్కన కల్వర్టు కింద ఏడు కుక్కపిల్లలు. వాన నీళ్లు అప్పటికే తల్లి కాళ్లదాకా వచ్చేశాయి. కుక్కలు జతకట్టే చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది, కుక్క చూలు సుమారు 63 రోజులు. రెండూ కలిపితే సరిగ్గా మన నెల్లూరు తుపాన్లు వెళ్లీ వెళ్లకముందే పిల్లలు పుడతాయి. పెద్దవాళ్లు తిట్టుగా వాడే మాటలో ఇంత లెక్క ఉందని, వీధి కుక్కపిల్లల్ని సాకి ఇళ్లకు ఇచ్చే ఈ పనిలో దిగాకే తెలిసింది.

తల్లితో సహా మా జిరాక్స్ షాపు వెనక రేకుల షెడ్డుకు తెచ్చాం. తల్లిని వదిలేసి పిల్లల్ని మాత్రమే ఎత్తుకురావడం మొదటి ఏడాది మేం చేసిన తప్పు. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లను ఎవరికీ ఇవ్వం. పాల సంగతి అటుంచితే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో తోటి పిల్లల దగ్గరే అవి నేర్చుకుంటాయి. ఆవుపాలు గిన్నెలో పోసి వెళ్లే పుణ్యాత్ములు రోజుకొకరైనా ఉంటారు. ఆ పాలకు పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ డబ్బుతో తల్లికి గుడ్లు తెచ్చిపెట్టండి అంటే కొందరు తెస్తారు, కొందరు అలుగుతారు.

నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి, పన్నెండు వారాలు వచ్చేదాకా రెండు వారాలకోసారి. డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పక్క కొట్టాయన కూరగాయల కాటా అరువు తెచ్చుకుంటాం. ఆయన భార్యకు ఈ సంగతి ఇంకా తెలియదు.

జనవరి

రాయడానికి మనసు రాని నెల. భోగి ముందు రోజు షట్టర్ దగ్గర ఎవరో అట్టపెట్టెలో ఒక పిల్లను వదిలిపోయారు. పండగ హడావుడిలో ఉండి, దాన్ని విడిగా పెట్టకుండా మిగతావాటితో కలిపేశాను. కొత్తగా వచ్చినదాన్ని 14 రోజులు వేరుగా ఉంచాలని అందరికీ చెప్పేది నేనే. ఐదో రోజు అది వాంతి చేసుకుంది, ఆ తర్వాత రక్త విరేచనాలు. పార్వో, కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే ఇక మర్చిపోలేం.

పార్వోకు నేరుగా పనిచేసే మందు మాకు అందుబాటులో లేదు. ఒంట్లో నీళ్లు తగ్గకుండా సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడం, వేరే సూక్ష్మజీవులు అంటుకోకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం, అంతే. ఇద్దరం వంతులేసుకుని రాత్రుళ్లు కూర్చున్నాం. అట్టపెట్టెలో వచ్చింది పోయింది, మా ఏడింటిలో రెండు పోయాయి.

షెడ్డు కడిగేటప్పుడు తెలిసిందేమిటంటే, ఫినాయిల్‌కు ఈ వైరస్ చావదు. బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు ముప్ఫై పాళ్లు కలిపి, ముందు మురికంతా కడిగేశాక పోసి, పది నిమిషాలు ఆరకుండా ఉంచాలి. మట్టినేలలో అయితే నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకే పెరట్లో మట్టి ఉన్న మూలను తడిక కట్టి మూసేశాం. బతికిన ఐదింటికీ ఆరు వారాలు దాటాక, డాక్టరు గారు సరేనన్నాక, మొదటి టీకా వేయించాం. ఇక పదహారు వారాల దాకా మూడు వారాలకోసారి. రేబిస్ టీకా మూడో నెల నిండాక.

మార్చి

నాలుగు పిల్లలు పది రోజుల్లో వెళ్లిపోయాయి. మిగిలింది నల్లది, ఆడది. నల్ల ఆడపిల్లను అడిగేవాళ్లే ఉండరు. ముద్దుగా కాటుక అని పేరు పెట్టి, మంచి వెలుతురులో ఫొటో తీసి పంపితే వేదాయపాలెం నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, ఓనరు ఒప్పుకున్నారు. ఫారం నింపించుకుని ఇచ్చేశాం.

ఆరో రోజు తీసుకొచ్చేశారు. "ఏందన్నా ఇది, రాత్రంతా ఒకటే ఏడుపు. ఈడ మాకు నిద్ర లేదు, ఆడ పక్క ఫ్లాటోళ్లకు నిద్ర లేదు. సోఫా కాళ్లు రెండూ కొరికేసింది" అన్నాడు ఆ ఇంటాయన. నాకు ఒళ్లు మండింది. మాట జారబోయి ఆపుకున్నాను. ఆయన వెళ్లాక మా పద్దు పుస్తకం తీశాను. కాటుక పేరుకెదురుగా "ఇచ్చాం" అని రాసి ఉంది. ఆ గీత తర్వాత ఏమీ లేదు. ఆరు రోజుల్లో ఒక్క ఫోన్ కూడా చేయలేదు నేను. ఆయన మాత్రం రెండుసార్లు చేశాడట. ఆ నంబరు నా ఫోన్‌లో సేవ్ కాలేదని కొత్త కాల్ అనుకుని ఎత్తలేదు.

ఆ రోజే పుస్తకంలో ఐదు గడులు గీశాను: 1, 3, 7, 21, 90. పిల్లను ఇచ్చాక అన్నో రోజున మనమే ఫోన్ చేయాలి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనేస్తారు, ఏమీ తెలియదు. "రాత్రి ఎక్కడ పడుకుంది? ఇవాళ ఏం పెట్టారు? దొడ్డికి గట్టిగా వచ్చిందా?" అని అడగాలి. అప్పుడు సంగతులు బయటికొస్తాయి.

మొదటి రాత్రి ఏడుపుకు ఇప్పుడు తల్లి పడుకున్న గోనెసంచి ముక్క కూడా ఇచ్చి పంపుతున్నాం. మొదటి మూడు రాత్రులు మంచం పక్కనే పడుకోబెట్టండి, బాల్కనీలో కట్టేయకండి అంటాం. నిద్ర లేవగానే, తినగానే, ఆడుకోగానే ఒక్కటే చోటికి ఎత్తుకెళితే పాసుకు అలవాటు పడుతుంది. కొట్టి, పాసులో ముక్కు రాస్తే నేర్చుకునేది మనల్ని చూసి దాక్కోవడమే. నాలుగో నెల నుంచి పాలపళ్లు రాలుతాయి, ఆ కొరుకుడు ఆరో నెల దాకా తప్పదు. పాత తువ్వాలు తడిపి, ముడేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే సోఫా బతుకుతుంది. మొదటి వారం తిండి మార్చొద్దు. అన్నం, ఉడికించిన కోడిమాంసం సరిపోతాయి, ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన ఎముకలు కూడదు.

ఏప్రిల్

ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల కాపలాకు పిల్లలు కావాలని ఏటా అడుగుతారు. ఏటా కాదంటాం, గొలుసేసి కట్టేస్తారని. ఈసారి ఒక కాపలా దంపతులు మూడోసారి ఫోన్ చేస్తే, చూసొద్దామని బండి మీద వెళ్లాను. గుడిసె ముందు వేపచెట్టు, నీడలో ముసలి కుక్క. మెడలో గొలుసు లేదు, మట్టి మూకుడులో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆమె తన కంచంలోంచి ఒక ముద్ద దాని పక్కన పెట్టి, నాతో మాట్లాడింది. ఫ్లాటు చూసి మంచి ఇల్లనుకున్న కళ్లతోనే ఆ గుడిసెను వద్దనుకున్నాను ఇన్నేళ్లు.

కాటుకను ఇచ్చాం, టీకాలన్నీ పూర్తయ్యాక. ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్నది ఒక్కటే షరతు, ఖర్చు మాది.

మే

ఎండలు. పిడుదులు. తిండి మానేసి, చిగుళ్లు తెల్లబడి, జ్వరం ఉంటే పిడుదుల జ్వరం అనుమానించి రక్తపరీక్ష చేయిస్తున్నాం. ఈ నెల ఇంతే.

జూన్

మాలో ఒకడికి పిల్ల పంటిగాటు పడింది. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పెద్దాసుపత్రికి పంపాం. ఇంతకుముందే ముందుజాగ్రత్త టీకాలు మూడు వేయించుకుని ఉన్నాడు కాబట్టి 0 (మొదటి సూది రోజు), 3 రోజుల్లో రెండు డోసులతో సరిపోయింది. వేయించుకోనివాళ్లకు, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే, 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు, గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబులిన్ కూడా. కొత్తగా మాతో చేరేవాళ్లు ఆ మూడూ వేయించుకున్నాకే కుక్కను ముట్టాలని నియమం పెట్టాం. ఇద్దరు అందుకే రావడం మానేశారు. పోనీ.

కాటుక ఆపరేషన్ నెల మూడో వారంలో అయింది. పన్నెండో రోజు కుట్లు తీశారు.

జులై 6

ఈ రోజు జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు, పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా ఉచితం. మా వీధివి తొమ్మిదింటిని తిప్పలు పడి తీసుకెళ్లాం. పది గంటలకు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. కాపలా ఆయన, కాటుక, ముసలి కుక్క, వాటి వెనక నాకు తెలియని మూడు కుక్కలు, తాళ్లు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు. "పక్క గుంటోళ్లవి అబ్బయా, ఫోన్ చేసి రమ్మన్నా" అన్నాడు.

ఆ మూడింటిలో రెండు ఆడవి, ఆపరేషన్ కానివి. మా వీధిలో ఇంకా నాలుగున్నాయి. మొత్తం ఆరు. చిత్తకార్తెకు మూడు నెలలుంది. డాక్టరు గారు నెలకు రెండు చేస్తానన్నారు. పుస్తకంలో కొత్త పేజీ గీశాను, గుంటల వాళ్ల నంబర్లు ఈసారి సేవ్ చేసుకున్నాను.