కారు కింద ఒక ఆదివారం

ఇవాళ్టి పని నాలుగు ముక్కలు: టైర్లు, ఇంజను ఆయిల్, వెనక బ్రేకులు, టాపు వెనక నీళ్ళ గొట్టాలు. కారు మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5, 1989లో వచ్చిన రెండు సీట్ల, టాపు మడిచే బండి. బండి పాతదే. కానీ నిన్నగాక మొన్న షోరూం నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారుకైనా ఖర్చు లెక్క ఇంతే. మామూలు సర్వీసు బిల్లులో సామాను కన్నా కూలీ బరువెక్కువ. ఆ రెంటినీ మించి జేబు ఖాళీ చేసేది తప్పుగా పట్టిన రోగం. కొలవకుండా కొన్న ప్రతి వస్తువూ దండగ కిందే లెక్క.

కారు రాత్రి నుంచి కదల్లేదు కాబట్టి ముందు టైర్లు. గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కాస్త తిరిగొచ్చాక గేజి పెడితే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి వదిలేస్తే మర్నాడు పొద్దున టైరు మెత్తగా ఉంటుంది. ఎంత ఉండాలో తలుపు ఫ్రేము మీది స్టిక్కరు చెబుతుంది. టైరు పక్కన అచ్చువేసి ఉండేది అది తట్టుకోగల గరిష్ఠం, రోజూ పెట్టాల్సింది కాదు. ఇక అరుగుదల. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి అంచు కంటికి కనిపిస్తుంది. లోపల, మధ్యలో, బయట, మూడు చోట్లా గాడుల లోతు కొలవాలి. లోపలి అంచు ఒక్కటే నున్నబడితే కొత్త టైరు కొనే ముందు అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించాలి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. జనం క్యాంబర్‌ని, అంటే చక్రం పక్కకు వాలడాన్ని, తిడతారు గానీ, టైరును త్వరగా తినేది చాలాసార్లు టో, అంటే చక్రం ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం. ఈ కారుకు నాలుగూ ఒకే సైజు కనక ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోవచ్చు. వెనక వెడల్పు టైర్లున్న కార్లకు ఆ వెసులుబాటు లేదు. సెకండ్ హ్యాండ్ టైర్లు చవగ్గా వస్తున్నాయంటే ముందు పక్కనున్న నాలుగంకెల తేదీ చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంత ఉన్నా రబ్బరు గట్టిపడిపోతే తడి రోడ్డు మీద పట్టుండదు.

తర్వాత ఆయిల్. ఐదు నిమిషాలు ఇంజను నడిపి ఆపాలి. గోరువెచ్చటి నూనె తనతోపాటు మడ్డిని కూడా తీసుకుని దిగుతుంది. మరీ కాలిపోతుంటే చేతులు పోతాయి. తక్కువ ఎత్తు కారు కదా, మామూలు జాకీ కిందకే దూరదు. ముందు చక్రాలను రెండు మందపాటి చెక్కల మీదికి ఎక్కిస్తే సందు దొరుకుతుంది. ఈ కారుకు జాకీ పెట్టేది ముందు మధ్యలో ఉన్న క్రాస్‌మెంబరుకీ (అడ్డ దూలం), వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) కిందా. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టి, కారును చేత్తో గట్టిగా ఊపి చూశాకే తల కింద పెట్టాలి.

నూనె దింపే డ్రెయిన్ బోల్టు బిగింపు 30 నుంచి 41 న్యూటన్ మీటర్లు. చేతికి ఇది తక్కువే అనిపిస్తుంది, అందుకే జనం ఇంకాస్త లాగుతారు. వాషరు మార్చకుండా పాతదే పెట్టి, కారుతోందని ఇంకో పట్టు బిగించి, చివరికి సంపు (ఇంజను కింది నూనె తొట్టి) మరలు పోగొట్టుకోవడం అన్నిచోట్లా ఉన్న కథే. నలిగిన వాషరు మళ్ళీ సీలు కాదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేస్తే బోల్టును పీడించే అవసరమే రాదు.

ఫిల్టరు ఈ ఇంజనుకు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి వెళ్ళే గొట్టాలు) కింద ఇరుక్కుని ఉంటుంది. కొంచెం వదులు చేసి, మీదికి ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచిలోనే పూర్తిగా విప్పితే నూనె సబ్‌ఫ్రేము మీద పడదు. బయటికి రాగానే మొదట చూడాల్సింది పాత రబ్బరు రింగు దాంతోపాటు వచ్చిందా లేదా అని. అది ఇంజనుకే అంటుకుపోయి, దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తే, స్టార్టు చేసిన నిమిషంలో నూనెంతా నేలపాలు. కొత్త రింగుకు వేలితో నూనె రాసి, అది తగిలిన చోటు నుంచి చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు. రెంచి పెడితే వచ్చే ఏడు విప్పేటప్పుడు ఏడుపే.

ఈ ఇంజనుకు నాలుగు లీటర్ల డబ్బా చాలు, కొంచెం మిగులుతుంది. ఆ మిగిలిందాన్ని కూడా పోసేయకూడదు. కొలపుల్ల మీది గరిష్ఠ గీత దాటితే క్రాంక్‌షాఫ్ట్ నూనెను చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగులకు పని జరగదు. కొనేటప్పుడు డబ్బా ముందున్న రేసుకారు బొమ్మ కాదు, వెనకున్న చిన్న అక్షరాలు చదవాలి: గ్రేడు (నూనె చిక్కదనం), ఏపీఐ తరగతి (నాణ్యత గుర్తు), కారు కంపెనీ ఆమోదం. పోర్షే ఏ40 లాంటి ఆమోదం మాన్యువల్ అడిగితే ఆ కోడు ఉన్న డబ్బాల్లో చవకది ఏదైనా ఫరవాలేదు. కోడు లేనిది ఎంత ఖరీదైనా అనవసరం. కిలోమీటర్లు తిరగలేదు కదా అని ఆయిల్ వాయిదా వేయడం మాత్రం పొదుపు కాదు. దగ్గర దగ్గర ప్రయాణాల్లో ఇంజను పూర్తిగా వేడెక్కదు, తేమా కొంత పెట్రోలూ నూనెలో చేరి అక్కడే ఉండిపోతాయి. తక్కువ తిరిగే బండికి ఏడాదికోసారి మార్చాలి.

కింద పడుకున్నప్పుడే లీకులు చూసుకోవాలి. ఈ మోడల్లో ఒక పేరుమోసిన బురిడీ ఉంది. ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట నూనె తడి కనిపిస్తుంది. రియర్ మెయిన్ సీలు, అంటే క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర నూనెను ఆపే సీలు, పోయిందంటారు. అది మార్చాలంటే గేరుబాక్సు దించాలి, అంటే రోజంతా కూలీ. చాలాసార్లు దోషి అది కాదు. సిలిండర్ హెడ్ (ఇంజను పై భాగం) వెనకాల, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడకు దగ్గరగా, క్యామ్ యాంగిల్ సెన్సరు ఉంటుంది. దాని రబ్బరు ఓ-రింగు ఏళ్ళ తరబడి వేడికి గాజులా గట్టిపడుతుంది. నూనె అక్కడ పుట్టి, హెడ్ వెనక నుంచి జారి, గేరుబాక్సు పైన చేరి కిందికి కారుతుంది. తడి పైనుంచి వస్తోందా కింద మొదలైందా అన్నదే తేడా. మొత్తం తుడిచి, ఒక రోజు నడిపి, టార్చితో పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. సెన్సరును పట్టుకున్నది ఒక్కటే 12 సైజు బోల్టు. విప్పే ముందు సెన్సరుకూ హెడ్డుకూ కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీయాలి, ఎందుకంటే ఇగ్నిషన్ టైమింగు (నిప్పురవ్వ పడే క్షణం) దాని స్థానాన్ని బట్టే ఉంటుంది. గీతకు గీత కలిపి బిగించి, టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూసుకుంటే పని అయిపోయినట్టే. వేలి ఉంగరమంత రబ్బరు ముక్క, దాని పేరు మీద ఎన్ని గేరుబాక్సులు దించారో!

మధ్యాహ్నం వెనక బ్రేకులు. ప్యాడ్ల మందం మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చడమే నయం. డిస్కు మార్చాలా వద్దా అన్నది దాని మీద అచ్చువేసిన కనిష్ఠ మందమే చెప్పాలి. మామూలు వెర్నియర్‌తో కొలిస్తే దవడలు అంచున ఉన్న తుప్పు గట్టుకు ఆని ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటరు గట్టు దాటి లోపల ఆనాలి, చుట్టూ నాలుగైదు చోట్ల. కొలత నిలబడి, పగుళ్ళూ లోతైన గాడులూ లేకపోతే డిస్కులు ఉంచేసి ప్యాడ్లు మాత్రం వేయొచ్చు.

అసలు తికమక ఇక్కడ. ప్యాడ్లను డిస్కుకు నొక్కే వెనక క్యాలిపర్లోనే హ్యాండ్‌బ్రేకు యంత్రం ఉంటుంది కాబట్టి, పిస్టనును సి-క్లాంపుతో నొక్కితే వెళ్ళదు. బలంగా నొక్కితే లోపలి మర పాడై క్యాలిపరే కొత్తది కొనాల్సొస్తుంది. క్యాలిపరు వెనక 14 సైజు బోల్టు ఒకటి మూతలా ఉంటుంది. అది తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల ఎలెన్ కీ పట్టే గుంట. హ్యాండ్‌బ్రేకు వదిలేసి, కీని గడియారానికి ఎదురు దిశలో తిప్పితే పిస్టను దానంతటదే లోపలికి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టి, ప్యాడ్లు డిస్కును పట్టేదాకా గడియారం దిశలో తిప్పి, అక్కడి నుంచి మూడోవంతు చుట్టు వెనక్కి. మూత బోల్టు మర్చిపోకూడదు. హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదని కేబులు బిగించేవాళ్ళలో చాలామందికి కావాల్సింది నిజానికి ఈ సర్దుబాటే. క్యాలిపరు జారే పిన్నులు తీసి, పాత గ్రీజు తుడిచి, రబ్బరుకు పడే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. మామూలు గ్రీజు రబ్బరు బూట్లను ఉబ్బిస్తుంది. పిన్ను ఇరుక్కుంటే ఒక ప్యాడు అరిగిపోయి రెండోది కొత్తదిలా మిగులుతుంది.

బ్రేక్ ఆయిల్ దగ్గర పిసినారితనం వద్దు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చి నీరు 3.7 శాతానికి చేరితే ఆ హామీ 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది మరిగితే పెడల్ నేలకు ఆనుతుంది. రెండేళ్ళకోసారి ఒక లీటరుతో నాలుగు చక్రాలూ అయిపోతాయి. పెడల్ నొక్కుతూ పాత నూనెను చక్రాల దగ్గర వదిలేయాలి, మాస్టర్ సిలిండరుకు (పెడల్ నొక్కుడును నూనెకు అందించే భాగం) అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలు. ఏబీఎస్ ఉన్న కార్లకు మాన్యువల్ వేరే వరస చెప్పొచ్చు. పెడల్ కింద చెక్క ముక్క పెట్టాలి. పాత కార్లో పెడల్ పూర్తిగా నేలదాకా నొక్కితే, ఎప్పుడూ వెళ్ళని చోట పేరుకున్న తుప్పు మీదుగా సీళ్ళు వెళ్ళి చిరుగుతాయి. చుక్క రంగు మీద పడితే వెంటనే నీళ్ళు పోయాలి. మూత తీసిన డబ్బాలో మిగిలింది వచ్చే సర్వీసుకు దాచకూడదు.

నీళ్ళ గొట్టాల పని పది నిమిషాలు. సీట్ల వెనక రెండు వైపులా టాపు మీది వాన నీరు దిగే దారులుంటాయి. ఆకులు చేరి మూసుకుంటే నీరు లోపలికి పొంగి, గుమ్మాల కింది రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఆ వెల్డింగు బిల్లు ముందు పైన చెప్పినవన్నీ చిల్లర. మెత్తని సన్నని ప్లాస్టిక్ గొట్టంతో పొడిచి, నెమ్మదిగా నీళ్ళు పోసి, వెనక చక్రం ముందు కింద కారుతోందో లేదో చూడాలి. ఇనుప తీగ వద్దు, గొట్టానికి బొక్క పడుతుంది.

వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు ఇవాళ ముట్టుకోలేదు. లక్ష కిలోమీటర్లకు దాని వంతు. అప్పుడే నీటి పంపు కూడా మార్చేయాలి, పంపు విప్పాలన్నా బెల్టు తీయక తప్పదు కాబట్టి. ఈ ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లను కొట్టవు, దారిలో ఆగిపోతుందంతే. ఆ అదృష్టం లేని ఇంజన్లు చాలా ఉన్నాయి.

సాయంత్రం చక్రాల నట్లు చక్రం నేలకు ఆనాక, నక్షత్రం వరసలో, 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య బిగించాలి. కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి, మొదటి బ్రేకు రోడ్డు మీద వేయకూడదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకోవడానికి, ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి ఎనిమిదిసార్లు బ్రేకు వేయాలి, పూర్తిగా ఆగకుండా, మధ్యలో చల్లారనిస్తూ. పుస్తకంలో తేదీ, మీటరు అంకె, డిస్కు మందం రాశాను. వంద కిలోమీటర్లయ్యాక నట్లు ఇంకోసారి చూడాలి.