డిక్కీలో చీటీ

"అన్నయ్యా, ఇందులో మీ సంగతే ఉన్నట్టుంది" అంటూ చెల్లెమ్మ, అంటే పోయిన నా స్నేహితుడి భార్య, ఓ మడతలు పడ్డ కాగితం నా చేతిలో పెట్టింది.

వాడి స్కూటర్ అమ్మి పెట్టమంటే ఇవాళ పొద్దున అల్వాల్ వెళ్లాను. డిక్కీ ఖాళీ చేస్తుంటే దొరికిందా చీటీ. పాత కరెంటు బిల్లు వెనక, వాడి గుండ్రటి అక్షరాలు.

మల్లెపూలు 2 మూరలు.
పాపకి గ్రాఫ్ బుక్.
వాడి అమ్మకి బీపీ మాత్రలు, 15 రోజులకి.
వెనక టైర్‌లో గాలి.

ఆ 'వాడు' నేనే. అప్పుడు నేను ట్రైనింగ్ అని చెన్నైలో ఉన్నాను. "మాత్రలు తెచ్చిచ్చాడురా" అని అమ్మ ఫోన్లో చెప్పింది. మనవాడేగా అని ఒక్క మాట కూడా అనలేదు నేను.

2003లో ఎంఎంటీఎస్ కొత్తగా మొదలైనప్పుడు లింగంపల్లి బండిలో కలిశాం. సీటు దొరికినా కూర్చునేవాడు కాదు. ఎవరో ఒక పెద్దావిడని పిలిచి కూర్చోబెట్టేవాడు. ఇరవై ఏళ్లు అంతే.

మొదటి మూడింటికీ టిక్కులున్నాయి. గాలి ఒక్కటే మిగిలింది. ఎప్పుడూ తన పనే ఆఖర్న.

టైరు నొక్కి చూశాను, మెత్తగా ఉంది. గల్లీ చివర పంక్చర్ షాపు దాకా తోసుకెళ్లి గాలి పట్టించాను. దారి పొడవునా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

తిరిగొచ్చేసరికి పాప గేటు దగ్గర నిలబడి ఉంది.

"అమ్మొద్దు అంకుల్. నేను నేర్చుకుంటా."

తాళంచెవి దాని చేతికే ఇచ్చి వచ్చాను.