రెండు కార్బ్యురేటర్లు, 27 డిగ్రీల తేడా: రోటాక్స్ 503 ఇంకా లొంగలేదు

రోటాక్స్ 503 మా ఒంటిసీటు అల్ట్రాలైట్ (తేలికపాటి చిన్న విమానం) ఇంజిన్. దానికి రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం). ముందు మంచి కబుర్లు. తోక చక్రం వణుకు పోయింది. రెక్కల మీది డేక్రాన్ గుడ్డ బిగువుగా కూర్చుంది. బ్రేక్ కేబుల్ కొత్తది వేశాం, పట్టు బాగుంది.

ఇక అసలు తలనొప్పి ఇంజిన్. ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కుతున్నంతసేపూ 503 ముత్యంలా నడుస్తుంది: 6400 ఆర్‌పీఎం దగ్గర ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మ్యాగ్ (మాగ్నెటో) వైపు సిలిండర్‌కు 590 డిగ్రీల సెల్సియస్, పీటీఓ (ప్రొపెల్లర్‌కు శక్తి అందించే కొస) వైపు సిలిండర్‌కు 595. 5800 దగ్గర 600, 612. ఇక్కడిదాకా పేచీ లేదు. పావుగంట ఎగిరాక థ్రాటిల్ 5200కి తగ్గించి మెల్లగా దిగడం మొదలుపెడితే మ్యాగ్ వైపు 605 దగ్గర నిలబడుతుంది, పీటీఓ వైపు 648కి పాకుతుంది. రోటాక్స్ పెట్టిన గరిష్ఠ హద్దు 650. రెండు సిలిండర్ల మధ్య ఒప్పుకునే తేడా 25. ఇక్కడ 43. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నేలమీద ఎంత ప్రయత్నించినా ఈ తేడా కనిపించదు, అదే విసుగు.

మొదట మీటరును అనుమానించాం. వైర్లు అటూ ఇటూ మార్చాం, తర్వాత ఎగ్జాస్ట్‌లో వేడి కొలిచే ప్రోబులే మార్చాం. వేడి పీటీఓ సిలిండర్‌నే అంటిపెట్టుకుంది. రెండు ప్రోబులూ పిస్టన్ నుంచి 100 మి.మీ. దూరంలోనే ఉన్నాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి ఉంటే లేని తేడా చూపిస్తుంది కాబట్టి టేపు పెట్టి కొలవకుండా ఈ పనిలో ముందుకు వెళ్లకూడదు.

తర్వాత నీడిల్, అంటే పెట్రోలు ఎంత రావాలో అదుపు చేసే కార్బ్యురేటర్ సూది. క్లిప్‌ను రెండో గాడి నుంచి మూడో గాడికి దించాం, అంటే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. 648 కాస్తా 622 అయింది, 605 కాస్తా 580 అయింది. చూడ్డానికి బాగానే ఉంది గానీ తేడా 42 అలాగే ఉంది, పైగా 4500 దగ్గర ఇంజిన్ గొంతు పట్టేసినట్టు తడబడింది, ప్లగ్గులు నల్లబడ్డాయి. మళ్లీ రెండో గాడికే తెచ్చాం. సమస్య ఒక్క సిలిండర్‌ది అయినప్పుడు రెండింటికీ పెట్రోలు పెంచడం రోగం దాచడమే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు.

ప్రొపెల్లర్ పిచ్ (బ్లేడ్ల వాలు కోణం) అర డిగ్రీ పెంచాం. నేలమీద ఫుల్ థ్రాటిల్ 6450 నుంచి 6250కి వచ్చింది. ఇంజిన్ మీద తగినంత భారం వేయని ప్రొపెల్లర్ మధ్య థ్రాటిల్‌లో ఇంజిన్‌ను వేడెక్కిస్తుందన్న మాట నిజమే, రెండు వైపులా 12 నుంచి 15 డిగ్రీలు తగ్గాయి. తేడా మాత్రం తేడాగానే మిగిలింది.

గాలి లీకు ఉందేమోనని ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రబ్బరు పలకలతో మూసి క్రాంక్‌కేసులో (క్రాంక్ షాఫ్ట్ ఉండే ఇంజిన్ పెట్టె) 0.4 బార్ ఒత్తిడి పెట్టాం. చల్లగా ఉన్నప్పుడూ, దిగిన వెంటనే వేడిమీదా ముల్లు కదల్లేదు. గేర్‌బాక్స్ నూనె కూడా తగ్గలేదు. పీటీఓ వైపు షాఫ్ట్ సీల్ పోతే క్రాంక్‌కేసు ఆ నూనె లాగేసుకుని తెల్లటి పొగ వదులుతుంది, అదేమీ లేదు. కాబట్టి సీల్ మంచిదే.

కార్బ్యురేటర్ రబ్బరు సాకెట్లలో మాత్రం కొంత దొరికింది. కార్బ్యురేటర్‌ను చేత్తో పక్కకు వంచి లైటు వేసి చూస్తే, పీటీఓ సాకెట్ అడుగున 3 మి.మీ. పగులు. బిగించి ఉన్నప్పుడు మూసుకుపోయి కనపడదు. రెండు సాకెట్లూ కొత్తవి వేశాక తేడా 43 నుంచి 34కి దిగింది. ఆశ పుట్టింది, అక్కడితో ఆగిపోయింది.

అప్పుడు కార్బ్యురేటర్లనే ఒకదాని చోట ఒకటి పెట్టాం. జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు), నీడిళ్లు, ఫ్లోట్లు అన్నీ వాటితోపాటే వెళ్లాయి. అయినా వేడి పీటీఓ వైపే. పంపు నుంచి వచ్చే పెట్రోలు గొట్టాలు కూడా మార్చాం, అదే కథ. అన్నీ మారాక చోటు మారనిది ఒక్కటే మిగిలింది: థ్రాటిల్ కేబుల్.

ఒక కేబుల్ లివర్ నుంచి వచ్చి స్ప్లిటర్ డబ్బాలో రెండుగా చీలి రెండు కార్బ్యురేటర్ల స్లైడ్లను (గాలి దారిని తెరిచి మూసే ముక్కలు, నీడిల్ వాటికే వేలాడుతుంది) లాగుతుంది. ఐడిల్ దగ్గర 1.5 మి.మీ. డ్రిల్ బిట్ కాడ రెండు స్లైడ్ల కిందా ఒకే బిగువుతో దూరింది. అందరూ చేసే పరీక్ష అదే, అందులో పాసైంది. ఈసారి మధ్య ఎత్తులో కొలిచాం. ఇగ్నిషన్ ఆపి, ప్లగ్ టోపీలు తీసి, ఇన్‌టేక్ సైలెన్సర్ విప్పి (తిరిగి బిగించకుండా ఇంజిన్ నడిపితే మిశ్రమమే మారిపోతుంది), మ్యాగ్ స్లైడ్ కింద 10 మి.మీ. బిట్ సరిపోయే చోట లివర్ ఆపాం. కింది నుంచి తెరుస్తూ వస్తే పీటీఓ 9.9. ఫుల్ నుంచి మూస్తూ వస్తే పీటీఓ 9.7. అదే పని దిగిన వెంటనే, ఇంజిన్ వేడిగా ఉండగా చేస్తే 9.3!

ఇదీ మర్మం అనిపించింది. థ్రాటిల్ మూసేటప్పుడు స్లైడ్‌ను కిందికి తెచ్చేది స్ప్రింగే. మ్యాగ్ కేబుల్ ఫ్రేమ్ గొట్టం చుట్టూ 80 మి.మీ. వ్యాసార్ధంతో గట్టిగా వంగి, సిలిండర్ పక్కగా పోతుంది. వేడికి లోపలి ప్లాస్టిక్ పొర మెత్తబడి తీగను పట్టుకుంటోందని మా అనుమానం. మ్యాగ్ స్లైడ్ కాస్త పైనే ఆగిపోతుంది, స్ప్లిటర్ లోపలి ముక్క ఒరుగుతుంది, పీటీఓ స్లైడ్ ఎక్కువ దిగిపోతుంది. పీటీఓ నీడిల్ లోతుగా ఉండి పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచనై వేడెక్కుతుంది, ఆ సిలిండర్ మీద పని కూడా తగ్గుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ముప్పాతిక మిల్లీమీటరు ఎవరికీ లెక్క కాదు, 10 మి.మీ. ఎత్తులో అది ఏడు శాతం. దిగేటప్పుడు మాత్రమే, పావుగంట తర్వాత మాత్రమే ఎందుకు వస్తోందో దీంతో సరిపోతోంది.

కేబుల్ దారి మార్చి వంపు 150 మి.మీ. చేశాం. వేడిమీద స్లైడ్ల తేడా 0.7 నుంచి 0.4 అయింది. ఎగ్జాస్ట్ తేడా 34 నుంచి 27. హద్దుకు ఇంకా రెండు డిగ్రీలు పైనే! ఇంత దూరం వచ్చి రెండు డిగ్రీల దగ్గర నిలబడటం తినే ముద్ద నోటి దగ్గర ఆగినట్టుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒంటిసీటు అల్ట్రాలైట్ అందమంతా తక్కువ భాగాల్లో ఉంది. అమెరికాలో 1982లో వచ్చిన పార్ట్ 103 నిబంధన చూడండి: ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, పెట్రోలు 5 గ్యాలన్లు, వేగం 55 నాట్ల లోపు, స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) 24 నాట్లు దాటకూడదు. ఆ హద్దులో ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అంత సులువైన విమానంలో సర్దుబాటు చేయాల్సిన రెండో కార్బ్యురేటర్ మోయడం మాకు నచ్చడం లేదు. ఒకే కార్బ్యురేటర్ (బింగ్ 54)తో నడిచే రోటాక్స్ 447 ఇంజిన్ వాళ్లకు ఈ తంటా ఉండదు. 503కు కూడా ఒంటి కార్బ్యురేటర్ రకం ఉంది, నాలుగు హార్స్‌పవర్ తగ్గుతుంది, అంతే. బింగ్‌ను తిట్టేవాళ్లున్నారు గానీ ఈ కార్బ్యురేటర్‌ది తప్పు కాదు, దాన్ని లాగే తీగది.

తర్వాతి పని: స్ప్లిటర్ డబ్బా పూర్తిగా తీసేసి, రెండు కేబుళ్లనూ నేరుగా లివర్‌కే కట్టడం. రెండూ ఒకే పొడవు, ఒకే వంపు, రెండూ సిలిండర్ వేడికి దూరంగా. లోపల టెఫ్లాన్ పొర ఉన్న కేబుల్ వేస్తాం, దానికి గ్రీజు పెట్టం, గ్రీజు దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. వేడిమీద స్లైడ్ల తేడా 0.2 లోపు రావాలి. రాకపోతే రెండు స్లైడ్ల స్ప్రింగులూ మార్చి ఒకే బిగువు ఉన్నవి వేస్తాం. అప్పటికీ ఎగ్జాస్ట్ తేడా 25 లోపుకు దిగకపోతే ఒంటి కార్బ్యురేటర్ మ్యానిఫోల్డ్ వేసేస్తాం. చలికాలం వస్తే గాలి చిక్కబడి మిశ్రమం ఇంకా పలచనవుతుంది, కాబట్టి అప్పటికి మెయిన్ జెట్ 158 బదులు కాస్త పెద్దదైన 160 కూడా చేతిలో ఉంచుకోవాలి. ఇవన్నీ తేలేదాకా దిగడం 5200 దగ్గర కాదు, థ్రాటిల్ ఐడిల్‌కి మూసేసి, మధ్యమధ్య ఇంజిన్ చల్లారిపోకుండా కాసేపు తెరుస్తూ.